పాప ఏ ఊరి పాప? కస్టడీ కేసులో మొదటి ప్రశ్న

వేసవి సెలవులకు ఒక తల్లి ఆరేళ్ల పాపను తీసుకుని హైదరాబాద్ నుంచి గుంటూరులోని పుట్టింటికి వెళ్లిందనుకుందాం. సెలవులు అయిపోయాయి, తిరిగి రాలేదు. జూన్‌లో పాపను అక్కడే బడిలో చేర్పించారు. జులైలో తండ్రి హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో పాప కస్టడీ కోసం పిటిషన్ వేశాడు. ఆగస్టులో తల్లి గుంటూరులో ఇంకొకటి వేసింది. పాప ఎవరి దగ్గర పెరిగితే మంచిదన్న మాట రాకముందే రెండు చోట్లా ఒకే ప్రశ్న లేస్తుంది: అసలు ఈ కేసు వినే అధికారం ఈ కోర్టుకు ఉందా?

కేసును సాగదీయడానికి వకీళ్లు లేవనెత్తే సాంకేతిక అభ్యంతరమే ఇదని చాలామంది అనుకుంటారు. అలా వాడుకునే కేసులు ఉన్నమాట నిజమే. కానీ పిల్లల విషయంలో ఈ ప్రశ్నకు ఉన్న బరువు ఆస్తి తగాదాల్లో ఉండదు. పొలం కేసు పదేళ్లు నడిచినా పొలం అక్కడే ఉంటుంది. పాప అలా ఉండదు, పెరుగుతుంది. కింది కోర్టులో ఒక ఉత్తర్వు, దాని మీద హైకోర్టు, ఆ తర్వాత సుప్రీంకోర్టు తిరిగేసరికి రెండు మూడేళ్లు గడుస్తాయి. ఈలోగా కొత్త బడి పాతదైపోతుంది, కొత్త స్నేహాలు కుదురుతాయి, దూరంగా ఉన్నవాళ్లతో మాట తగ్గిపోతుంది. చివరికి ‘ఇప్పుడు కదిలిస్తే పాపకు కష్టం’ అన్నదే బలమైన వాదన అవుతుంది. ఏ కోర్టు వినాలో తేల్చడానికి పట్టిన కాలమే అసలు తీర్పును చాలావరకు రాసేస్తుంది. అందుకే ఈ మొదటి ప్రశ్న ఎలా తేలుతుందో కేసు వేయబోయే ప్రతి కుటుంబానికీ ముందే తెలిసి ఉండాలి.

‘సాధారణంగా’ అన్న ఒక్క మాట

మన దేశంలో దీనికి ఆధారం బ్రిటిష్ వాళ్ల కాలంలో వచ్చిన గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1890. మన కోర్టుల్లో ఈ పిటిషన్లను జీడబ్ల్యూఓపీ (గార్డియన్స్ అండ్ వార్డ్స్ ఒరిజినల్ పిటిషన్) అని పిలుస్తారు. ఆ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, మైనర్ సంరక్షణ కోసం వేసే పిటిషన్ ఆ మైనర్ ‘సాధారణంగా నివసించే’ చోటి జిల్లా కోర్టులో వేయాలి. మైనర్ ఆస్తి గురించైతే ఆస్తి ఉన్న చోట కూడా వేయవచ్చు. ఫ్యామిలీ కోర్టుల చట్టం, 1984 వచ్చాక, ఫ్యామిలీ కోర్టు ఉన్న ప్రాంతంలో ఈ అధికారం దానికి వెళ్లింది. లేని చోట జిల్లా కోర్టే వింటుంది.

పెళ్లి ఎక్కడ జరిగింది, తండ్రి సొంతిల్లు ఎక్కడ ఉంది, బిడ్డ ఏ ఆసుపత్రిలో పుట్టింది అన్నవి ఈ సెక్షన్‌కు పట్టవు. దానికి కావలసింది బిడ్డ నివాసం ఒక్కటే. మంచి నియమమే. బడి టీచరు, పక్కింటివాళ్లు, చూపించే డాక్టరు అంతా అక్కడే ఉంటారు కాబట్టి బిడ్డ బాగోగులు తెలుసుకోవడం ఆ కోర్టుకే సులువు. చిక్కంతా ‘సాధారణంగా’ అన్న మాటతోనే. ఎన్ని రోజులుంటే ‘సాధారణంగా’ అవుతుందో చట్టం చెప్పలేదు. మూడు నెలలా, ఆరు నెలలా, ఏడాదా అన్న లెక్క అందులో ఎక్కడా లేదు.

కాబట్టి ఇది ప్రతి కేసులోనూ సాక్ష్యాలతో తేలాల్సిన విషయం. పిటిషన్ వేసిన నాటికి బిడ్డ ఎక్కడుంది, ఎంతకాలంగా ఉంది, అక్కడికి ఎలా వచ్చింది, తల్లిదండ్రుల్లో అవతలివాళ్లకు తెలిసి వచ్చిందా, తిరిగి వెళ్లే ఉద్దేశంతో వచ్చిందా అని కోర్టు చూస్తుంది. బడి టీసీ, ఫీజు రసీదులు, టీకాల కార్డు, రైలు టికెట్లు, ఫోన్‌లో పంపుకున్న మెసేజులు ఇక్కడ పనికొస్తాయి. పిటిషన్ వేయడానికి ముందురోజు బిడ్డను చెప్పాపెట్టకుండా ఎత్తుకొచ్చి, ‘ఇప్పుడు ఇక్కడే ఉంటోంది’ అంటే కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. బిడ్డను ఎత్తుకొచ్చినవాళ్లకే కోర్టును ఎంచుకునే వీలిస్తే 9వ సెక్షన్‌కు అర్థమే ఉండదు.

సుప్రీంకోర్టు తీర్పులు రెండు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ మాట ఎటు నుంచి ఎటు తిరుగుతుందో తెలుస్తుంది. లా పుస్తకాల్లో ఈ కేసులు తల్లిదండ్రుల పేర్లతోనే ఉంటాయి. ఆ పిల్లలకూ రేపు తమ జీవితం ఉంటుంది కాబట్టి ఇక్కడ సంవత్సరాలతోనే సరిపెడదాం.

మొదటిది 2011 నాటిది. అమెరికాలో ఉండే దంపతులు 2008లో కొడుకుతో సహా ఢిల్లీ వచ్చారు. తండ్రి తిరిగి వెళ్లాడు, తల్లీకొడుకులు ఉండిపోయారు. బాబును ఢిల్లీ బడిలో చేర్చడానికి తండ్రి రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. తర్వాత, అది ఒత్తిడి మీద రాసిందన్నాడు. ఢిల్లీ కోర్టుకు అధికారం లేదని హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు ఆ మాట కొట్టేసింది. ఒత్తిడి మీద రాశాడన్న వాదన నిలవలేదు. బాబు ఢిల్లీలో బడికి వెళ్తున్నాడు, అది ఇద్దరికీ తెలిసి జరిగింది, కనుక ఢిల్లీయే అతని సాధారణ నివాసం అని తేల్చింది. నివాసం అన్నది వాస్తవాలూ చట్టమూ కలగలిసిన ప్రశ్న అని, పైపైన చూసి తేల్చేది కాదని కూడా చెప్పింది. అయితే అప్పటికి గడిచింది దాదాపు మూడేళ్లు. ఆ మూడేళ్ల తర్వాత తేలిందల్లా కేసు వినే అధికారం ఢిల్లీ కోర్టుకు ఉందన్న సంగతి ఒక్కటే.

రెండోది 2019 నాటిది, హైదరాబాద్‌తో సంబంధం ఉన్నది. అమెరికాలో పుట్టిన ఇద్దరు పిల్లల తల్లి అక్కడి కోర్టులో తానే ముందు విడాకులకు, కస్టడీకి కేసు వేసింది. ఆ తర్వాత తిరుగు టికెట్లతో పిల్లల్ని హైదరాబాద్ తీసుకొచ్చి, కొద్ది వారాల్లోనే ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో కస్టడీ పిటిషన్ వేసింది. పిల్లలు సాధారణంగా నివసించేది హైదరాబాద్‌లో కాదని ఆ పిటిషన్‌ను విచారణకు ముందే తిరస్కరించడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. తల్లి ప్రేమను ఎవరూ శంకించలేదు. కొన్ని వారాల బస నివాసం కాదన్నదే అక్కడి విషయం. ఈ సంగతి తేలడానికి కూడా రెండేళ్ల దాకా పట్టింది.

చట్టం ఒక్కటే, మాట ఒక్కటే. మొదటి కేసులో బిడ్డ ఉండిపోవడానికి ఇద్దరి ఒప్పుదల ఉంది, రెండో కేసులో తిరుగు టికెట్ ఉంది. అందుకే కస్టడీ గొడవ మొదలైన ఇంట్లో ఎవరైనా ‘సరే, ఈ ఏడాదికి అక్కడే చదవనీ’ అని ఒక మెసేజ్ పెట్టేముందు దాని బరువు తెలుసుకోవాలి. ఇంట్లో సర్దుబాటుగా అన్న ఆ మాట రేపు కోర్టులో సమ్మతికి సాక్ష్యం అవుతుంది. ఇంట్లోవాళ్లు సర్దుబాటు చేసుకోవడానికే భయపడే స్థితి ఇది. బాధాకరమే, కానీ వాస్తవం.

ఐదేళ్లలోపు పిల్లల విషయంలో ఇంకో కోణం ఉంది. హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం, 1956 ప్రకారం ఆ వయసు బిడ్డ కస్టడీ మామూలుగా తల్లిదే. కాబట్టి పసిబిడ్డ నివాసం తల్లి ఉన్న చోటేనన్న వాదనకు కోర్టుల్లో బలం ఎక్కువ.

ఒక్క గుమ్మమే కాదు

9వ సెక్షన్ ఒక దారి మాత్రమే. విడాకుల కేసు నడుస్తుంటే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద ఆ కోర్టే పిల్లల కస్టడీ, చదువు, ఖర్చుల మీద ఉత్తర్వులు ఇవ్వగలదు. విడాకుల కేసుకు పరిధి, అంటే ఏ కోర్టు వినాలన్న లెక్క, వేరు. పెళ్లి జరిగిన చోటు, ఇద్దరూ చివరిగా కలిసున్న చోటు, భార్య ప్రస్తుతం ఉంటున్న చోటు అన్నీ అందులోకి వస్తాయి. కాబట్టి బిడ్డ ఒక ఊళ్లో ఉంటే కస్టడీ వాదన ఇంకో ఊళ్లో నడిచే అవకాశం ఉంది. గృహ హింస చట్టం, 2005 కింద మేజిస్ట్రేట్ తాత్కాలిక కస్టడీ ఇవ్వవచ్చు. అక్కడ బాధితురాలు తాత్కాలికంగా తలదాచుకున్న ఊరు కూడా సరిపోతుంది. ప్రాణభయంతో రాత్రికి రాత్రి ఇల్లు వదిలిన స్త్రీని ‘వెనక్కి వెళ్లి అక్కడ కేసు వెయ్యి’ అనడం అన్యాయం కాబట్టి, ఈ వెసులుబాటు ఉండి తీరాలి.

పోలీస్ స్టేషన్, పెద్దమనుషుల పంచాయితీ మాత్రం ఈ లెక్కలోకి రావు. పెద్దల సమక్షంలో స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందాన్ని కోర్టు సాక్ష్యంగా చూడవచ్చు గానీ, బిడ్డ క్షేమాన్ని దాటి దానికి కట్టుబడాల్సిన పని లేదు.

మొదట చెప్పుకున్న హైదరాబాద్, గుంటూరు పిటిషన్లలాగా రెండు చోట్ల కేసులు పడితే ఏం జరుగుతుంది? గార్డియన్ నియామకం కోసం ఒకటికి మించి కోర్టుల్లో కేసులుంటే, సంగతి తెలిసిన వెంటనే ప్రతి కోర్టూ తన ముందున్న కేసును ఆపాలని 1890 చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. రెండూ ఒకే హైకోర్టు కింద ఉంటే ఏది వినాలో ఆ హైకోర్టు చెబుతుంది. తెలుగువాళ్లకు ఇక్కడే ఒక కొత్త ఇబ్బంది వచ్చింది. 2019 జనవరి 1 నుంచి తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు వేర్వేరు హైకోర్టులు. గుంటూరు నుంచి విశాఖకు కేసు మార్చుకోవాలంటే అమరావతిలోని హైకోర్టుకు వెళ్తే చాలు. అదే గుంటూరు కేసును హైదరాబాద్‌కు మార్చుకోవాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షన్ కింద ఢిల్లీ వెళ్లి సుప్రీంకోర్టును అడగాలి. అల్లుడిది ఒక రాష్ట్రం, అత్తగారిది ఇంకో రాష్ట్రం అయిన కుటుంబాలు రెండు వైపులా కొల్లలు. పాప బడి నుంచి నాన్న ఇంటికి బస్సులో ఐదారు గంటల ప్రయాణం, కేసు దారి మాత్రం ఢిల్లీ మీదుగా.

అడిగే అర్హత ఎవరికి?

కోర్టు తేలాక రెండో ప్రశ్న: అడుగుతున్న మనిషికి అడిగే హక్కుందా? వకీళ్ల భాషలో లోకస్ స్టాండీ. ఈ విషయంలో 1890 చట్టం గుమ్మాన్ని చాలా వెడల్పుగా కట్టింది. 8వ సెక్షన్ ప్రకారం గార్డియన్‌ను నియమించమని అడగగలిగింది తల్లిదండ్రులే కాదు. గార్డియన్‌గా ఉండాలనుకునే వ్యక్తి, మైనర్ బంధువు లేదా స్నేహితుడు, చివరికి జిల్లా కలెక్టర్ కూడా అడగవచ్చు. అనాథగా మిగిలిన బిడ్డ తరఫున నోరు తెరిచేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలన్న ఆలోచన అందులో కనిపిస్తుంది. అయితే అడగగలగడం వేరు, ఇప్పించుకోగలగడం వేరు. తగాదాల్లో ఈ రెంటినీ కలిపేయడం వల్లే అమ్మమ్మలు, తాతయ్యలు ఎక్కువ ఆశ పెట్టుకుని, తర్వాత కుంగిపోతుంటారు.

తల్లి అర్హతే చాలాకాలం సందేహంగా ఉండేది. 1956 చట్టం సహజ గార్డియన్ (కోర్టు నియమించనక్కర్లేకుండా చట్టమే గుర్తించే సంరక్షకుడు) తండ్రి, ‘అతని తర్వాత’ తల్లి అంది. తండ్రి బతికి ఉండగా తల్లి సంతకం చెల్లదన్న ధోరణి బ్యాంకుల దాకా వెళ్లింది. రచయిత్రి గీతా హరిహరన్ రిజర్వ్ బ్యాంక్ మీద వేసిన కేసులో 1999లో సుప్రీంకోర్టు ఆ ‘తర్వాత’ను ‘చనిపోయాక’ అని చదవనక్కర్లేదని చెప్పింది. తండ్రి దూరంగా ఉన్నా, బిడ్డను పట్టించుకోకపోయినా తల్లి గార్డియనే అంది. 2015లో ఇంకో అడుగు పడింది. పెళ్లి కాని తల్లి తన బిడ్డకు గార్డియన్‌షిప్ కోరితే, తండ్రి పేరు చెప్పాలని, అతనికి నోటీసు ఇవ్వాలని పట్టుబట్టనక్కర్లేదని తీర్పు వచ్చింది. ఆ కేసులో తల్లి పేరు కూడా బయటపెట్టకుండా కోర్టు ‘ఏబీసీ’ అన్న అక్షరాలతోనే సూచించింది.

ముస్లిం కుటుంబాల్లో హనఫీ సంప్రదాయం ప్రకారం కొడుకు ఏడేళ్ల దాకా, కూతురు రజస్వల అయ్యేదాకా తల్లి దగ్గర ఉండే హక్కును గుర్తిస్తారు. అక్కడా చివరి మాట బిడ్డ క్షేమానిదే.

ఇక తాతయ్యలు, నానమ్మలు. 2022లో వచ్చిన రెండు తీర్పులు వాళ్ల అర్హతకు రెండు అంచులు చూపిస్తాయి. కోవిడ్‌లో అమ్మానాన్న ఇద్దరినీ పోగొట్టుకున్న అహ్మదాబాద్ బాబు విషయంలో, వయసు పైబడిందనో ఆదాయం తక్కువనో నానమ్మ తాతయ్యలను పక్కనపెట్టడం సరికాదని సుప్రీంకోర్టు చెప్పింది. పిన్నికి ఇచ్చిన కస్టడీని మార్చి వాళ్లకిచ్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఇంకో కేసులో, కొడుకు చనిపోయాక కోడలు మళ్లీ పెళ్లి చేసుకుంది. మనవడి కోసం అత్తమామలు గార్డియన్ పిటిషన్ వేశారు. ఆ వ్యవహారంలో బిడ్డకు పాత ఇంటిపేరు పెట్టాలని హైకోర్టు షరతు విధించింది. సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. తండ్రి పోయాక తల్లే ఏకైక సహజ గార్డియన్, ఇంటిపేరు ఆమె ఇష్టం, పైగా ఎవరూ అడగని ఉపశమనాన్ని కోర్టు ఇవ్వకూడదు అంది. ఆ పెద్దవాళ్లకు పిటిషన్ వేసే అర్హత లేదని ఎవరూ అనలేదు. తల్లి ఉండగా ఆ అర్హత ఎంతదాకా పోతుందన్నదే తేలింది. మనవడిలో పోయిన కొడుకును చూసుకునే వాళ్ల బాధ చిన్నది కాదు. కానీ వితంతువు మళ్లీ పెళ్లి చేసుకుంటే బిడ్డ మీద హక్కు వదులుకోవాలన్న పాత భావనకు చట్టంలో చోటు లేదని గట్టిగా చెప్పడం అవసరం.

గృహ హింస చట్టం దగ్గర మాత్రం గుమ్మం ఇరుకు. 21వ సెక్షన్ కింద తాత్కాలిక కస్టడీ బాధితురాలికో, ఆమె తరఫున అడిగినవాళ్లకో మాత్రమే. అవతలి పక్షానికి దక్కితే బిడ్డను చూసే ఏర్పాటే దక్కుతుంది. అది బిడ్డకు హాని అనిపిస్తే అదీ ఉండదు.

హెబియస్ కార్పస్ అనే దగ్గరి దారి

ఫ్యామిలీ కోర్టులో వాయిదాల టెన్షన్ పడలేక చాలామంది హైకోర్టులో హెబియస్ కార్పస్ వేస్తారు. బిడ్డను అక్రమంగా అట్టిపెట్టుకున్నారు, కోర్టు ముందుకు తెప్పించండి అని. ఇది వేగంగా నడుస్తుంది, సాక్షుల విచారణ ఉండదు. దాని బలం అదే, బలహీనతా అదే.

2019లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కేసులో తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది, బిడ్డ ఆమె అక్కచెల్లెళ్ల దగ్గర ఉంది. తండ్రి సహజ గార్డియన్ కాబట్టి, చట్టరీత్యా హక్కులేనివాళ్ల దగ్గర బిడ్డ ఉన్నప్పుడు హెబియస్ కార్పస్ చెల్లుతుందని చెప్పి బిడ్డను తండ్రికి ఇప్పించింది. 2024లో ఇంచుమించు అలాంటి కథే వచ్చింది. తల్లి పోయింది, రెండున్నరేళ్లు దాటిన పాప పదకొండో నెల నుంచీ తల్లి తరఫు వాళ్ల దగ్గరే పెరుగుతోంది. హైకోర్టు తండ్రికి ఇమ్మంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. బిడ్డ ఒకచోట నుంచి ఇంకోచోటికి మార్చే వస్తువు కాదు, ఆ మార్పు ఆమె మీద ఎలా పడుతుందో చూడకుండా హెబియస్ కార్పస్‌లో ఇచ్చేయడం తప్పు, గార్డియన్స్ చట్టం కింద కోర్టుకు వెళ్లండి అంది. అప్పటిదాకా తండ్రికి చూసే అవకాశం ఉంచింది.

2024 తీర్పు చూపిన దారే సరైనది. సహజ గార్డియన్ అన్న హోదా చూపిస్తే కోర్టు తలుపు తెరుచుకోవాలి, అంతవరకే. బిడ్డను చేతిలో పెట్టడానికి అదొక్కటే చాలదు.

సముద్రం దాటిన కేసులు

పిల్లల్ని దేశం దాటించిన కేసుల కోసం 1980లో హేగ్ ఒప్పందం వచ్చింది. వందకు పైగా దేశాలు అందులో ఉన్నాయి, భారత్ లేదు. చేరాలని లా కమిషన్ 2009లోనే చెప్పింది. 2016లో ముసాయిదా బిల్లు కూడా వచ్చింది, చట్టం కాలేదు. భర్త హింస తట్టుకోలేక బిడ్డతో పుట్టింటికి చేరిన తల్లిని ఈ ఒప్పందం బలవంతంగా వెనక్కి పంపుతుందన్న భయం ప్రధాన అభ్యంతరం. అది కొట్టిపారేయదగిన భయం కాదు. పరాయి దేశంలో వీసా కూడా భర్త మీద ఆధారపడిన ఆడపిల్లకు అక్కడి కోర్టు గుమ్మం ఎక్కడమే గగనం.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ముందుగా తెలియాల్సింది ఆరు నెలల లెక్క. 1997లో రూపొంది, మసాచుసెట్స్ తప్ప మిగతా రాష్ట్రాలన్నీ తీసుకున్న ఒక నమూనా చట్టం ప్రకారం, కేసు వేసేముందు వరుసగా ఆరు నెలలు బిడ్డ ఉన్న రాష్ట్రమే ఆమె ‘హోమ్ స్టేట్’. బిడ్డను బయటికి తీసుకెళ్లినా, తల్లి లేదా తండ్రి అక్కడే ఉంటే, వెళ్లిన ఆరు నెలల్లోపు కేసు వేస్తే పరిధి ఆ రాష్ట్రానికే ఉంటుంది. తాత్కాలికంగా ఊరెళ్లి రావడం లెక్కను చెరపదు. పరాయి దేశాన్ని కూడా ఆ చట్టం ఇంకో రాష్ట్రంలాగే చూస్తుంది. అంటే టెక్సాస్‌లోని తండ్రి ‘ఎలాగూ వస్తారులే’ అని ఏడాది ఎదురుచూస్తే అక్కడి కోర్టు తలుపు మూసుకుపోవచ్చు. మన ‘సాధారణంగా’ అన్న మాటకు లేని కచ్చితత్వం ఆ ఆరు నెలలకు ఉంది. ఆ కచ్చితత్వంలో కొంత కరకుదనం కూడా ఉంది.

విదేశీ కోర్టు ఉత్తర్వు మన దగ్గర దానంతటదే అమలవదు. దానికెంత విలువివ్వాలన్న దాని మీద సుప్రీంకోర్టు మాట మారుతూ వచ్చింది. 1984లో దంపతుల కాపురంతో, బిడ్డతో దగ్గరి సంబంధం ఉన్న దేశపు కోర్టే వినాలంది. 2015లో ఏ కోర్టు ముందుగా ఉత్తర్వు ఇస్తే దానికే ప్రాధాన్యం అంది. 2017లో ముగ్గురు జడ్జీల బెంచ్ ఆ పద్ధతి కాదంది. విదేశీ ఉత్తర్వు చూడాల్సిన అంశాల్లో ఒకటి మాత్రమే, బిడ్డ క్షేమం దానికంటే పైన అని చెప్పింది. ముందు పరుగెత్తినవాడికే గెలుపు అన్న సూత్రం పోవడం మంచిదైంది.

బిడ్డను విదేశానికి పంపేటప్పుడు అక్కడి కోర్టు నుంచి అవే షరతులతో ఉత్తర్వు తెమ్మనడం ఒక జాగ్రత్త. దాన్ని మిర్రర్ ఆర్డర్ అంటారు. 2020లో ఒక బిడ్డను కెన్యాలోని తండ్రికి అప్పగిస్తూ సుప్రీంకోర్టు ఇదే చేసింది. తండ్రి షరతులు పాటించలేదని తేలి 2021లో ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. కానీ బిడ్డ అప్పటికే కెన్యాలో ఉన్నాడు. దేశం దాటాక మన కోర్టు చెయ్యి ఎంత పొడవో ఆ కేసులో కనబడింది.

హైదరాబాద్ తండ్రి, గుంటూరు తల్లి

మొదటి కేసుకు తిరిగి వద్దాం. జులైలోనే వచ్చిన తండ్రి వాదనకు బలముంది. పాప అప్పటిదాకా చదివింది హైదరాబాద్‌లో, వెళ్లింది సెలవులకు, గుంటూరు బడికి తండ్రి ఒప్పుకున్నట్టు కాగితం లేదు. రెండు నెలల బసను సాధారణ నివాసం అనడం కష్టం. హింస వల్లే తల్లి ఇల్లు వదిలిందని తేలితే బొమ్మ మారుతుంది. అప్పుడు గుంటూరు మేజిస్ట్రేట్ కోర్టు కూడా ఆమెకు తెరిచే ఉంటుంది. పరిధి మీద అభ్యంతరం ఉన్నవాళ్లు మొదటి కౌంటర్‌లోనే, అంటే పిటిషన్‌కు ఇచ్చే రాతపూర్వక జవాబులోనే చెప్పాలి, కోర్టు దాన్ని ముందు తేల్చాలి. తేలేదాకా కనీసం ఆదివారాలు, పండగలు పాప ఇద్దరినీ చూసేలా మధ్యంతర ఏర్పాటు అడగవచ్చు. అడగని వాళ్లే ఎక్కువ.

అదే తండ్రి ‘పంతానికి పోయింది, తనే వస్తుంది’ అని రెండేళ్లు ఆగి హైదరాబాద్‌లో పిటిషన్ వేసి ఉంటే, దాన్ని సరైన కోర్టులో వేసుకోమని వెనక్కి ఇచ్చే అవకాశమే ఎక్కువ. ఆ కాగితాలు పట్టుకుని అతను గుంటూరు కోర్టుకు చేరేసరికి పాప అక్కడ రెండు తరగతులు దాటేసి ఉంటుంది.